తుంటి మార్పిడి తర్వాత నడక: రిహాబ్ సెంటరా, క్లినిక్కా, ఇంట్లోనా?

తుంటి కీలు మార్పిడి చేయించుకున్నవాళ్ల డిశ్చార్జ్ కాగితాల్లో చాలాసార్లు ఒక్క మాటే ఉంటుంది: "ఫిజియోథెరపీ కొనసాగించాలి." ఎక్కడ, ఎవరి దగ్గర, ఎంతకాలం అన్నది ఇంటికొచ్చాక తేల్చుకోవాల్సిందే. రిహాబ్ సెంటర్‌లో చేరమని ఒకరంటారు. ఫిజియోను ఇంటికే పిలిపించుకోమని ఇంకొకరు. "నడుస్తుంటే అదే వస్తుంది, ఇవన్నీ ఎందుకు" అని మరొకరు. ముగ్గురి మాటల్లోనూ కొంత నిజం ఉంది కాబట్టే ఎటూ తేల్చుకోలేక టెన్షన్ పడతాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. క్రమం తప్పకుండా చేస్తే బలం ఇంట్లోనే వస్తుంది. నడక సరికావాలంటే మాత్రం ఇంకొకరి కన్ను కావాలి, ఎందుకంటే ఒరిగి నడిచేవాళ్లకు తాము ఒరుగుతున్నట్టు తెలియదు. అరిగిన కీలుతో ఏళ్ల తరబడి నొప్పిని తప్పించుకుంటూ శరీరం ఒక నడక అలవాటు చేసుకుంది. ఆపరేషన్‌తో నొప్పి పోతుంది, ఆ అలవాటు అలాగే ఉండిపోతుంది. కాబట్టి ఏ దారి ఎంచుకున్నా మొదట అడగాల్సింది ఒకటే: నా నడకను ఎవరు చూస్తారు, ఎప్పుడు చూస్తారు?

## ముందుగా తేల్చుకోవాల్సినవి

ఆపరేషన్ ఏ వైపు నుంచి చేశారు. చాలామంది ఇది అడగరు, కానీ మిగతా నిర్ణయాలన్నీ దీని మీదే ఆధారపడతాయి. వెనక వైపు నుంచి చేస్తే సాధారణంగా తుంటిని 90 డిగ్రీలకు మించి వంచొద్దని, కాలు మీద కాలు వేసుకోవద్దని, పాదాన్ని లోపలికి తిప్పొద్దని చెబుతారు. ముందు వైపు నుంచి చేస్తే జాగ్రత్తలు తారుమారు అవుతాయి: కాలిని బాగా వెనక్కి చాపకూడదు, బయటికి తిప్పకూడదు. పక్క నుంచి చేసినప్పుడు పిరుదు పక్కన ఉండే కండరాన్ని కొంత విడదీసి మళ్లీ కుడతారు. ఒంటికాలి మీద నిలబడినప్పుడు నడుమును సమంగా ఉంచేది ఆ కండరమే. అందుకే పక్క నుంచి చేయించుకున్నవాళ్లలో ఒరిగి నడవడం ఎక్కువగా కనిపిస్తుంది, వాళ్లకు నడక శిక్షణ అవసరం కూడా ఎక్కువే. కొందరు సర్జన్లు ఇప్పుడు ఆంక్షలు బాగా తగ్గించేశారు. మీ సర్జన్ ఏం చెప్పారో అదే మీకు ప్రమాణం. దాన్ని కాగితం మీద రాయించుకుని ఫిజియోకు చూపించండి.

కాలి మీద బరువు ఎంత వేయొచ్చు. మొదటిసారి చేయించుకునే మామూలు తుంటి మార్పిడిలో సాధారణంగా మొదటి రోజు నుంచే పూర్తి బరువు వేయనిస్తారు. ఎముక విరిగి చేసినా, పాత కృత్రిమ కీలు తీసి కొత్తది పెట్టినా కొన్ని వారాలు సగం బరువే అనొచ్చు. అలాంటివాళ్లకు సొంతంగా చేసుకునే పద్ధతి మొదట్లోనే సరిపోదు.

ఆపరేషన్‌కు ముందు ఎంతకాలం ఒరిగి నడిచారు. కొన్ని నెలలే ఇబ్బంది పడ్డవాళ్లకూ పదేళ్లు ఈడ్చుకొచ్చినవాళ్లకూ చాలా తేడా ఉంటుంది. రెండో రకం వాళ్లలో కండరాలు సన్నబడి ఉంటాయి, తుంటి ముందు భాగం బిగుసుకుని ఉంటుంది, నడుము కూడా వంగడానికి అలవాటు పడి ఉంటుంది.

ఇంట్లో తోడు ఎవరు, మెట్లున్నాయా, బాత్‌రూమ్ ఎంత దూరం. పడిపోతే మొదటికే మోసం వస్తుంది. కృత్రిమ కీలు జారే ప్రమాదం కూడా మొదటి మూడు నెలల్లోనే ఎక్కువ.

మీ స్వభావం. ఎవరూ అడగకపోయినా రోజుకు రెండు మూడు సార్లు వ్యాయామం చేస్తారా? ఈ ప్రశ్నకు మీ ఇంట్లోవాళ్లు చెప్పే జవాబే ఎక్కువ నమ్మదగింది.

## రిహాబ్ సెంటర్‌లో చేరడం

ఇరవై నాలుగు గంటలూ మనుషులు ఉంటారు, రోజూ ఫిజియో ఉంటుంది, మంచం, కుర్చీ, టాయిలెట్ అన్నీ సరైన ఎత్తులో ఉంటాయి. ఒంటరిగా ఉండేవాళ్లకు, రెండు తుంట్లూ ఒకేసారి మార్చినవాళ్లకు, మతిమరుపు వల్ల జాగ్రత్తలు గుర్తుండనివాళ్లకు, గుండె లేదా ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకు ఇది సరైనదే.

ఇంట్లో తోడుండి, ఆరోగ్యం మామూలుగా ఉన్నవాళ్లకు దీనివల్ల అదనంగా కలిగే లాభం తక్కువ. ఖర్చు మాత్రం అన్నిటికంటే ఎక్కువ. ఇంకో చిక్కు కూడా ఉంది. సెంటర్‌లో ఉండేది సాధారణంగా మొదటి కొద్ది వారాలే. అప్పుడు జరిగేది లేవడం, కూర్చోవడం, వాకర్‌తో నాలుగడుగులు వేయడం. అసలైన నడక దిద్దుబాటు వాకర్ వదిలాక మొదలవుతుంది, అప్పటికి మీరు ఇంటికి వచ్చేసి ఉంటారు. డబ్బంతా ఇక్కడే ఖర్చుపెట్టి, ఆరో వారంలో ఫిజియోను చూడటానికి వెనకాడేవాళ్లు చాలామందే.

## ఫిజియోను ఇంటికి పిలిపించుకోవడం

మొదటి రెండు మూడు వారాలకు నేను ఎక్కువగా మొగ్గేది దీనికే. కారులో ఎక్కి దిగడమే పెద్ద ప్రయాసగా ఉండే రోజులవి. వచ్చిన ఫిజియో మీ మంచం ఎత్తు, కుర్చీ, గడపలు, కాలికి తగిలే తివాచీ, బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి ఏముందో కళ్లారా చూస్తారు. మీ సొంత మెట్ల మీదే ఎక్కడం దిగడం నేర్పిస్తారు: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్రతో పాటు ఆపరేషన్ కాలు ముందు.

లోటల్లా చోటు తక్కువ కావడం. నడకలో తప్పు పట్టాలంటే కనీసం ఏడెనిమిది మీటర్లు తిన్నగా నడవాలి, వెనక నుంచి, పక్క నుంచి చూడాలి. రెండు గదుల మధ్య నాలుగడుగులు వేసి తిరిగితే ఏ తప్పూ బయటపడదు. సెషన్ మొత్తం మంచం మీదే కాలు ఎత్తించి, దించి వెళ్లిపోయే ఫిజియో దొరికితే ఇంకా నష్టం. ఆ వ్యాయామాలు మీరే చేసుకోగలరు. ప్రతి సెషన్‌లో కొంతసేపైనా నిలబెట్టి, నడిపించి చూడమని నిర్మొహమాటంగా అడగండి.

## క్లినిక్‌కు వెళ్లి చేయించుకోవడం

నడక శిక్షణకు ఇంతకు మించింది లేదు. పొడవైన వరండా, నిలువుటద్దం, పట్టుకుని నడిచే సమాంతర కడ్డీలు, వేర్వేరు ఎత్తుల మెట్లు, ట్రెడ్‌మిల్ అన్నీ ఒకే చోట ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యం, రోజూ ఇలాంటి నడకలు చూసే కన్ను అక్కడ ఉంటుంది.

ఆ కన్ను ఏం చూస్తుందో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మంచి క్లినిక్‌నూ పేరుకు మాత్రమే ఉన్న క్లినిక్‌నూ ఇక్కడే వేరు చేయొచ్చు. మిమ్మల్ని వెనక నుంచి చూస్తూ నడవమంటారు. ఆపరేషన్ కాలి మీద బరువు పడిన క్షణంలో రెండో వైపు నడుము కిందికి దిగితే పిరుదు పక్క కండరం ఇంకా మోయలేకపోతోందని అర్థం. జర్మన్ సర్జన్ ఫ్రీడ్రిష్ ట్రెండెలెన్‌బర్గ్ 1895లో వివరించిన గుర్తు ఇదే, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. కొందరిలో నడుము దిగదు, దానికి బదులు ఒళ్లంతా ఆపరేషన్ వైపుకు వాలుతుంది. కారణం మాత్రం అదే.

తర్వాత పక్క నుంచి చూస్తారు. ఇక్కడ ఎక్కువమంది ఆపరేషన్ కాలినే గమనిస్తారు, కానీ అసలు సంగతి మంచి కాలి అడుగు చెబుతుంది. మంచి కాలు ముందుకు వెళ్లాలంటే ఆపరేషన్ తుంటి వెనక్కి చాచుకోవాలి, ఒళ్లు బరువంతా ఒక్కటే మోయాలి. బిగుసుకున్న తుంటి అందుకు ఒప్పుకోదు, కాబట్టి మంచి కాలు తొందరపడి దగ్గర్లోనే దిగిపోతుంది. కళ్లు మూసుకుని వింటే కూడా తెలుస్తుంది: అడుగుల చప్పుడు సమంగా ఉండదు, ఒకటి నిదానంగా, ఒకటి హడావిడిగా పడుతుంది. "మంచి కాలితో ఇంకో రెండంగుళాలు ముందుకు వేయండి" అన్న ఒక్క సూచనతో చాలామంది నడక అక్కడికక్కడే మారుతుంది. ఆపరేషన్ కాలిని ఎంత జాగ్రత్తగా వేసినా ఆ మార్పు రాదు.

ప్రయాణం, వేళలు, ఖర్చు ఇందులో ఇబ్బందులు. పది మందికి ఒకేసారి యంత్రాలు పెట్టి, పేరుకు పలకరించి వెళ్లే చోట పై లాభాలేవీ దక్కవు. వేడి కాపడం, కరెంటు పెట్టడం నొప్పికి కాస్త ఉపశమనం ఇస్తాయేమో గానీ వాటితో నడక మారదు. కృత్రిమ కీలు లోహంతో చేసింది కాబట్టి కొన్ని యంత్రాలను దాని దగ్గర వాడటమే తప్పు. ఏ యంత్రం పెట్టబోయినా ముందు అడిగి తెలుసుకోండి.

## ఇంట్లో సొంతంగా చేసుకోవడం

దీన్ని తక్కువగా చూడొద్దు. 2017లో అమెరికాలో వెలువడిన ఒక ట్రయల్‌లో, రాసిచ్చిన వ్యాయామాలు ఇంట్లో సొంతంగా చేసుకున్నవాళ్లకూ ఫిజియో పర్యవేక్షణలో చేసినవాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయితే అక్కడ కొలిచింది ముఖ్యంగా నొప్పి, రోజువారీ పనులు చేసుకునే సామర్థ్యం. పైగా వాళ్లు మొదటిసారి, ఒకవైపు తుంటి మాత్రమే మార్పించుకున్నవాళ్లు. మీరూ అలాంటివాళ్లే అయి, ఆరోగ్యం బాగుండి, ఆపరేషన్‌కు ముందు మరీ ఎక్కువకాలం ఒరిగి నడవకపోతే ఈ దారిని ధైర్యంగా ఎంచుకోవచ్చు.

చేయాల్సినవి కొన్నే. పాదాలు పైకీ కిందికీ ఆడించడం, తొడ బిగించి వదలడం, పిరుదులు బిగించడం మొదటి రోజుల్లో. తర్వాత కుర్చీలోంచి లేచి కూర్చోవడం, బల్ల పట్టుకుని నిలబడి కాలిని పక్కకు, వెనక్కి తీయడం, చిన్న మెట్టు ఎక్కి దిగడం. పక్కకు తీసే వ్యాయామం అన్నిటికంటే విలువైనది. అయితే పక్క నుంచి ఆపరేషన్ అయినవాళ్లు, ముందు నుంచి అయ్యి కాలిని వెనక్కి తీయొద్దని చెప్పించుకున్నవాళ్లు సర్జన్ ఒప్పుకున్నాకే ఆయా వ్యాయామాలు మొదలుపెట్టాలి.

నడకను చూసే కన్ను లేని లోటును ఫోన్ కెమెరా కొంత తీరుస్తుంది. ఇంట్లోవాళ్లను ఫోన్ నడుము ఎత్తులో పట్టుకుని వెనక నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి తీయమనండి. చొక్కా లోపలికి దోపి, బెల్టు గీత కనబడేలా నడవండి. ప్రతి అడుగుకూ ఆ గీత సమంగా ఉందా, ఒకవైపు కుంగుతోందా అన్నది వీడియోను నెమ్మదిగా నడిపిస్తే ఎవరికైనా తెలుస్తుంది. వారానికి ఒకసారి చాలు, కానీ ప్రతిసారీ అదే చోట, అవే చెప్పులతో తీయాలి.

## వీడియో కాల్ ద్వారా ఫిజియో

దూరాన ఉన్నవాళ్లకు, ఉద్యోగంలోకి తిరిగి చేరినవాళ్లకు పనికొస్తుంది. వ్యాయామం సరిగ్గా చేస్తున్నారో లేదో చూడటం, మోతాదు పెంచడం, ధైర్యం చెప్పడం బాగానే జరుగుతాయి. చేత్తో పట్టి నడుమును నిలబెట్టడం, తూలితే ఆపడం కుదరవు. పడిపోతామన్న భయం ఉన్నవాళ్లకు మొదటి నెలలో వద్దంటాను. తర్వాత, పైన చెప్పిన వీడియోలను ముందే పంపి, కాల్‌లో వాటి గురించే మాట్లాడితే ఈ పద్ధతి ఊహించినదానికంటే ఎక్కువ మేలు చేస్తుంది.

## ఒక్క చూపులో

| పద్ధతి | భద్రత | నడకను చూసే కన్ను | మీ నుంచి కావాల్సిన పట్టుదల | ఖర్చు | బాగా పనికొచ్చే సమయం |
|---|---|---|---|---|---|
| రిహాబ్ సెంటర్ | చాలా ఎక్కువ | ఉంటుంది, కానీ మొదటి దశలోనే | తక్కువ | చాలా ఎక్కువ | మొదటి 2–3 వారాలు |
| ఇంటికొచ్చే ఫిజియో | ఎక్కువ | చోటును బట్టి | మధ్యస్థం | ఎక్కువ | మొదటి 2–4 వారాలు |
| క్లినిక్ | ఎక్కువ | అన్నిటికంటే బాగా | మధ్యస్థం | మధ్యస్థం, ప్రయాణం అదనం | 4–12 వారాలు |
| సొంతంగా | ఇంట్లో తోడును బట్టి | ఫోన్ కెమెరా | చాలా ఎక్కువ | దాదాపు లేదు | మొదటి నుంచి ఏడాది వరకు |
| వీడియో కాల్ | మధ్యస్థం | కొంతవరకు | ఎక్కువ | తక్కువ | నెల దాటాక |

ఈ పట్టికలో ఒకే వరుసను ఎంచుకోవాలన్న నియమమేమీ లేదు. చేతిలో ఉన్న డబ్బుకు పన్నెండు సెషన్లే వస్తాయనుకోండి. అన్నీ మొదటి రెండు వారాల్లో రోజూ వాడేయడం మామూలుగా జరిగే పని. నన్నడిగితే మొదట్లో మూడు నాలుగు ఇంటి దగ్గర, కర్ర వదిలే ముందు నుంచి వదిలాక కొన్ని వారాల వరకు ఆరేడు క్లినిక్‌లో, మిగిలినవి మూడు నెలలు దాటాక ఒకసారి సరిచూసుకోవడానికి పెట్టుకోమంటాను. మధ్యలో రోజూ సొంత వ్యాయామం నడుస్తూనే ఉండాలి.

## వాకరా, కర్రా, ఏదీ లేకుండానా

వాకర్‌తో భద్రత ఎక్కువ, కానీ ముందుకు వంగి, చిన్న చిన్న అడుగులు వేయడం అలవాటవుతుంది. అవసరం తీరాక దాన్నే పట్టుకుని ఉండటం మంచిది కాదు. రెండు ఊతకర్రలతో నడక సహజంగా ఉంటుంది, అందుకు చేతుల్లో బలం, తూలకుండా నిలబడే పట్టు కావాలి.

ఒంటి కర్ర దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. కర్ర పట్టాల్సింది మంచి కాలి వైపు చేత్తో. ఆపరేషన్ కాలితో పాటే కర్ర ముందుకు పడాలి. మామూలు నడకలో తుంటి కీలు మీద శరీర బరువుకు సుమారు రెండున్నర రెట్ల భారం పడుతుంది. అందులో ఎక్కువ భాగం పిరుదు పక్క కండరం నడుమును నిలబెట్టడానికి లాగే లాగుడే. ఎదురు చేతిలో కర్ర ఉంటే ఆ కండరం పని తేలికవుతుంది. అదే వైపు పట్టుకుంటే ఒళ్లు కర్ర మీదికి వాలి, వదిలించుకోవాలనుకున్న ఆ ఒరుగుడే ఇంకా గట్టిపడుతుంది. చెయ్యి కిందికి వేలాడేసి నిలబడినప్పుడు కర్ర పిడి మణికట్టు మడత దగ్గరికి రావాలి.

ఎప్పుడు వదలాలి? తేదీని బట్టి వదలొద్దు. కర్ర లేకుండా ఒరుగుతుంటే ఇంకా కర్ర అవసరమే. నాలుగో వారానికే వదిలేశామని సంతోషపడి ఒరుగుతూ నడిచేవారికంటే, ఎనిమిదో వారం దాకా కర్రతో తిన్నగా నడిచేవారి నడకే ఏడాది తర్వాత బాగుంటుందని నా గట్టి నమ్మకం.

## అద్దం, మెట్రోనోమ్, ట్రెడ్‌మిల్, నీళ్లు

నిలువుటద్దం ఎదురుగా నడవడం ఒళ్లు వాలే అలవాటుకు మంచిది. అడుగుల వేళ సమంగా లేకపోతే ఫోన్‌లో మెట్రోనోమ్ (సమాన వేళల్లో టిక్ టిక్‌మనే యాప్) పెట్టుకుని ప్రతి టిక్‌కూ ఒక పాదం వేయడం బాగా పనిచేస్తుంది, అది ఉచితం కూడా. ట్రెడ్‌మిల్‌తో వేగం నిలకడగా ఉంటుంది, కానీ కడ్డీ మీద బరువంతా వేసి నడిస్తే ఉపయోగం లేదు. నేల మీద తిన్నగా నడవడం వచ్చాకే దాని మీదికి ఎక్కండి. నడుము లోతు నీళ్లలో కాళ్ల మీద శరీర బరువులో సుమారు సగమే పడుతుంది, అందుకే బరువెక్కువ ఉన్నవాళ్లకు, భయపడేవాళ్లకు నీళ్లలో నడక హాయిగా ఉంటుంది. గాయం పూర్తిగా మానిందని సర్జన్ చెప్పాకే నీళ్లలో దిగాలి.

## ఎవరికి ఏది

ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు మొదటి రెండు వారాలు సెంటర్‌లో ఉండి, తర్వాత ఇంటికి ఫిజియోను పిలిపించుకోవడం మేలు. ఉద్యోగం చేసే వయసువాళ్లు సొంత వ్యాయామాన్ని ఆధారంగా పెట్టుకుని, నాలుగో వారం నుంచి క్లినిక్‌కు వెళ్లొచ్చు. తొందర ఎక్కువ కాబట్టి వాళ్లే కర్రను ముందుగా పారేస్తారు, అక్కడ జాగ్రత్త. ఏళ్ల తరబడి ఒరిగి నడిచినవాళ్లు, పక్క నుంచి ఆపరేషన్ అయినవాళ్లు క్లినిక్‌ను తప్పించుకోవద్దు. వీళ్లకు మూడు నెలలతో అయిపోదు, బలం పెరగడం ఏడాది వరకూ సాగుతుంది. పాత కృత్రిమ కీలు మార్పించుకున్నవాళ్లు మొదటి నుంచీ పర్యవేక్షణలోనే ఉండాలి.

## దారి మార్చాల్సిన సందర్భాలు

ఉన్నట్టుండి తుంటిలో తీవ్రమైన నొప్పి వచ్చి కాలు పొట్టిగా లేదా ఒకవైపు తిరిగిపోయినట్టు కనిపిస్తే, పిక్క వాచి నొప్పి పెడితే, ఆయాసం లేదా ఛాతీ నొప్పి వస్తే, జ్వరంతో పాటు గాయం నుంచి రసి కారితే వ్యాయామం ఆపి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఇవి ఫిజియోతో మాట్లాడి సర్దుకునేవి కావు.

మూడు నెలలు దాటినా వీడియోలో బెల్టు గీత కుంగుతూనే ఉంటే, ఇంతవరకు సొంతంగా చేసుకుంటున్నవాళ్లు ఒక్కసారైనా క్లినిక్‌కు వెళ్లండి. క్లినిక్‌లోనే చేయించుకుంటున్నా మార్పు లేకపోతే సర్జన్‌ను కలవండి, కండరానికో నరానికో దెబ్బ తగిలిందేమో వాళ్లే తేల్చాలి.

ఆపరేషన్ కాలు పొడుగైపోయినట్టు అనిపించడం చాలామందిని కంగారు పెడుతుంది. మొదటి నెలల్లో అది ఎక్కువగా బిగుసుకున్న కండరాలు నడుమును ఒకవైపుకు లాగడం వల్ల కలిగే భావనే, వ్యాయామంతో మెల్లగా తగ్గుతుంది. అందుకే తొందరపడి రెండో చెప్పులో మెత్త పెట్టించుకోవద్దు. పెడితే ఆ వంకరకే శరీరం అలవాటు పడుతుంది. మూడు నుంచి ఆరు నెలలు చూసి, అప్పటికీ అలాగే ఉంటే సర్జన్‌తో ఎక్స్‌రేలో కొలిపించుకున్నాక మెత్త సంగతి ఆలోచించండి.